మీ అమ్మ నైటీలకు పడిన తూట్లు

రాస్తున్నావా? రాయి. నేను చెప్పేది నువ్వు బడి తెలుగులోకి తిప్పి రాస్తున్నావని నాకు తెలుసు, పెన్ను ఆగినప్పుడల్లా కనిపెడుతూనే ఉన్నాను. నా మాట ఎట్లా తిప్పుకున్నా సరే. ఎదుటివాళ్ల నోటి మాట మాత్రం తిప్పొద్దు. వాళ్లు అన్నది అన్నట్టే పడాలి.

నువ్వు హాస్టల్ నుంచి వచ్చిన రోజే అడిగావు కదా, అమ్మ నైటీలన్నిటికీ ఈ అతుకులేంటి జేజీ అని. ఆ రోజు మీ అమ్మ ఎదురుగానే ఉంది, అందుకని చెప్పలేదు. ఇప్పుడు పడుకుంది. మెల్లగా చెప్తాను, నువ్వు మెల్లగా రాయి.

మీ అమ్మకు గర్భసంచి తీసేసిన సంగతి నీకు తెలుసు. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గురినీ, అంటే నన్నూ మీ అమ్మనూ మీ నాయననూ, ఎదురుగా నిలబెట్టి చెప్పింది. పైన కుట్లు తొందరగానే ఆరిపోతాయంట, లోపలి కండ ఆరడానికే చాలా కాలం పడుతుందంట. ఆరు నెలల దాకా నిండు బిందె ఎత్తకూడదు. ఎత్తితే లోపల విచ్చుకుని పేగు పొడుచుకొస్తుంది, మళ్లీ కోయాల్సి వస్తుంది, రెండోసారి కోత మొదటిదానిలా ఉండదు అంది. నేను మీ అమ్మ మొహం చూశాను. రెండోసారి కోత అన్న మాటకు ఆమె పెదాలు తెల్లబడ్డాయి. మొదటిసారికే మత్తు దిగాక రెండు రోజులు వాంతులతో అల్లాడింది. అప్పుడు నువ్వు పరీక్షల్లో ఉన్నావు, చెప్పలేదు.

పావడా బొందు కుట్ల మీద పడి ఒరుసుకోకూడదని చీరలు మాన్పించి నైటీలు వేయించాం. మోపెడ్ మీద బట్టల మూట వేసుకుని వీధులు తిరిగే అతని దగ్గర మూడు కొన్నాం. ఊదారంగుది ఒకటి, పచ్చది ఒకటి, ఇంకొకటి పూలది.

మన ఇంట్లో నీళ్ల సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. తాగే నీళ్ల క్యాను ఆటో అతను గడప లోపల పెట్టిపోతాడు. వాడుక నీళ్లు మాత్రం వీధి చివర కొళాయి నుంచే తెచ్చుకోవాలి. ఒక రోజు వస్తాయి, రెండు రోజులు రావు. వచ్చిన రోజు కూడా ఎండ ముదిరాకే వస్తాయి. అప్పటికి మీ నాయన రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో మిషన్ ముందు కూర్చుని ఉంటాడు. పొద్దున మొదటి బస్సుకు పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. నేనేమో మోకాళ్లు అరిగిపోయి, ఖాళీ చేతులతో నడవడానికే గోడ పట్టుకునే మనిషిని. అందుకని మీ నాయన ఎదురింటామెను అడిగాడు. ఆమె నిజంగా మంచిది, వెంటనే ఒప్పుకుంది.

"అక్క పడుకోనీలే అన్నా. మా బిందెలతో పాటు మీయి నాలుగు బిందెలు నేను పోసిపోతా" అంది.

నేను పొద్దున సంగటి తిని, కర్ర ఊనుకుంటూ మేకలను తోలుకుని గుట్ట కింది బీడు నేలలోకి పోతాను. నేను తిరిగి వచ్చేసరికి వంటింట్లో నాలుగు స్టీలు బిందెలు నిండి, మూతలు పెట్టి, వరసగా ఉండేవి. ఎదురింటామె చేతులు చల్లగుండాలని ప్రతిసారీ అనుకునేదాన్ని.

తూట్లు ముందు ఊదారంగు దానికి కనబడ్డాయి. ఆరిన బట్టలు మడుస్తుంటే వెలుతురు గుచ్చుకుంది. నువ్వుగింజంత తూట్లు నాలుగైదు, ఒకే చోట గుంపుగా ఉన్నాయి.

"ఏమ్మే, ఇదేంది?" అన్నాను.

"పాతబడిందేమోలే అత్తా" అంది మీ అమ్మ, అటు తిరిగి బియ్యం ఏరుకుంటూ.

"మొన్న కొనింది పాతబడేదేంది? నా చీర చూడు, నీ పెండ్లికి ముందుది. ఒక్క పోగు పోలేదు."

"అయితే పురుగేమన్నా కొట్టిందేమో."

పురుగంటే పురుగే అనుకున్నాను. ట్రంకుపెట్టె మొత్తం ఖాళీ చేసి ఎండలో పెట్టాను. వంగి లేచేసరికి నడుము పట్టేసింది, రెండు రోజులు మంచం దిగలేదు. అడుగున పాత పేపరు తీసి కొత్తది పరిచి, వేపాకు చల్లి, మూలమూలకూ కలరా ఉండలు పెట్టాను. ఇంట్లో అందరమూ ఆ వాసనే కొట్టాం. మీ నాయన పక్క మిషన్ అతను, ఏమన్నా నిన్ను కూడా పెట్టెలో పెట్టి తాళమేసినారా అని నవ్వాడంట. అంతా చేసినా పచ్చ నైటీకి కూడా తూట్లు పడ్డాయి.

అప్పుడు నా అనుమానం కంప మీదికి పోయింది. పెరట్లో దడికి వేసిన తుమ్మకంప మీదే మనం బట్టలు ఆరేసేది. ముల్లు గుచ్చుకుని ఉంటుంది, గాలికి లాగినప్పుడు తూటు పెద్దదవుతుంది అనుకున్నాను. రెండు గుంజలకు తీగ కట్టించాను. తీగ మీద ఆరేస్తూ మీ అమ్మ, "అవునత్తా, కంపే అయ్యుంటాది" అని వెంటనే ఒప్పుకుంది. ఏ మాటకైనా ఎదురు అడగనిదే ఊరుకోని మనిషి అంత తొందరగా ఒప్పుకుంటే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ రోజుల్లో నాకు ఏదో ఒకటి తేలిపోతే చాలు, పోయి పడుకుందామన్నట్టు ఉండేది.

తీగ కట్టాక పూల నైటీకి పడ్డాయి.

ఇంక బోరునీళ్ల ఉప్పును అన్నాను, సబ్బుపొడిని అన్నాను, బట్టలు బాదే బండను చేత్తో తడిమి చూశాను. ఎలుక అనుకుందామంటే ఎలుక కొరికితే అంచు నమిలినట్టు ఉంటుంది, ఇవి అట్లా లేవు. పోగులు ఒక్కొక్కటే అరిగి అరిగి తెగినట్టు ఉన్నాయి. చివరికి ఆ నైటీలు అమ్మిన అతన్నే పట్టుకోవాలని, మోపెడ్ చప్పుడు ఎప్పుడు వినిపిస్తుందా అని కాచుకున్నాను.

ఒక రోజు వచ్చాడు. వీధి మధ్యలో ఆపించాను.

"ఏమప్పా, నువ్వు నైటీలు అమ్ముతాండావా, జల్లెడలు అమ్ముతాండావా?"

"ఏమైందవ్వా పొద్దున్నే?"

పూల నైటీని ఎండకు పట్టి, తూటులో వేలు దూర్చి చూపించాను.

"నీ వేలు పెట్టి నువ్వే పెద్దది చేస్తాండావు కదవ్వా!"

"నీ మూతి పెద్దది చేస్తా. మూడు కొంటే మూడిటికీ తూట్లా?"

వీధిలో ఆడవాళ్లందరూ చేరారు. అతను మోపెడ్ స్టాండు వేసి, నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"అవ్వా, ఈ వీధిలో అందరికీ ఒకే మూటలోవి ఇచ్చినా. అడుగు. ఎవరికన్నా ఒక్క తూటు పడింటే ఈ బండి ఈడనే వదిలేసి నడిచి పోతా."

ఆడవాళ్లు ఒకరి బట్టలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ లేవు. అందరూ నవ్వడం మొదలుపెట్టారు.

"మీ ఇంట్లో బీడీలు ఎవరు తాగుతారవ్వా? నిప్పు పడిందేమో" అన్నాడు.

"తాగేటోడు పోయి చానా ఏండ్లైంది. ఆడికి పోయి అడిగి రా" అన్నాను.

అందరూ ఇంకా నవ్వారు. ఎదురింటామె ఒక్కతే నవ్వలేదు. వీధిలో చిన్న తగువు జరిగితే ముందు గొంతు ఆమెదే ఉంటుంది. ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మీ అమ్మ వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది. అది నా కంట పడింది కానీ, ఆ సిగ్గులో మనసుకు పట్టలేదు.

సరే, తూట్లు ఎందుకు పడుతున్నాయో తెలియకపోయినా అతుకు వేయక తప్పదు కదా. మరునాడు మీ అమ్మకు నా పాత చీర ఒకటి వదులుగా చుట్టుకోమని ఇచ్చి, మూడు నైటీలనూ, సూదీదారాన్నీ మూటగట్టుకుని మేకల వెంట బీట్లోకి తీసుకుపోయాను. వాన లేక బీడంతా ఎర్రగా ఉంది, మేకలు గడ్డి కోసం కాదు, తిరగాలి కాబట్టి తిరుగుతున్నట్టు ఉన్నాయి. ఒక బండ మీద కూర్చుని, గాలికి ఎగరకుండా నైటీలు ఒకదాని మీద ఒకటి పరిచాను. భుజానికి భుజం, చంకకు చంక సరిగా వచ్చేట్టు పరిచి, పైదాని తూటు దగ్గర సూది దించాను. సూది కిందిదానికి తగల్లేదు. దాని తూటులోంచి, దాని కింద ఉన్నదాని తూటులోంచి కూడా దిగి బండకు టక్కుమని తగిలింది.

సూది అట్లాగే వదిలేసి చూస్తూ కూర్చున్నాను. మూడిటికీ ఒకే చోట పడ్డాయి. ఎడమ పక్కన, నడుము ఎముకకు కొంచెం పైన. పెట్టెలో పురుగుకు ఎడమ ఏదో కుడి ఏదో తెలుస్తుందా? ముల్లు ప్రతిసారీ వెతుక్కుని అక్కడే గుచ్చుకుంటుందా? ఉప్పునీళ్లయితే గుడ్డంతా చివకాలి. అంటే ఇవి పెట్టెలోనో తీగ మీదో పడలేదు, ఒంటి మీద ఉన్నప్పుడే పడ్డాయి. ఏదో గరుకైనది మళ్లీ మళ్లీ వచ్చి అక్కడే ఒరుసుకుంటోంది.

మొదట పొయ్యి బండ అంచు అనుకున్నాను. కానీ బండ ముందు నిలబడితే తగిలేది పొట్టకు, పక్కకు కాదు. మంచం పట్టె అనుకున్నాను. అది తొడ దగ్గరికి వస్తుంది. అట్లా ఆలోచిస్తూ నేను లేచి నిలబడ్డాను. నిలబడగానే నా ఎడమ చెయ్యి దానంతట అదే వంగి, ఎడమ నడుమును చుట్టింది. ఎన్నో ఏళ్లు అక్కడే బిందె పెట్టుకుని మోశాను నేను. నా చర్మం అక్కడ ఇప్పటికీ నల్లగా, మొద్దుగా ఉంటుంది, నువ్వు చిన్నప్పుడు గిల్లి ఆడుకునేదానివి.

మేకలను అట్లాగే మళ్లించాను. అవి కూడా ఆశ్చర్యపోయి ఉంటాయి, అంత తొందరగా ఇంటికేంటని. ఆ రోజు నేను ఎట్లా నడిచానో నాకు తెలియదు, కర్ర ఊనలేదు, గోడ పట్టుకోలేదు.

ఇంట్లో మీ అమ్మ లేదు. ముందు స్టీలు బిందెలు తడిమి చూశాను. అన్నీ నున్నగా ఉన్నాయి, అవి గుడ్డను ఏం చేస్తాయి? తరువాత స్నానాలు చేసే జాలాడి పక్కకు పోయాను. అక్కడ ఒక చిన్న ప్లాస్టిక్ బిందె బోర్లించి ఉంటుంది, నీకు గుర్తుందో లేదో, ఎర్రది. ఒకసారి పక్కన పగిలితే, కొడవలి మొన పొయ్యిలో కాల్చి, ప్లాస్టిక్‌ను కరిగించి అతికించాం. మన వైపు ఎవరింట్లో చూసినా అట్లా కాల్చి అతికించిన బిందె ఒకటి ఉంటుంది. కొత్తది కొనేదాకా అది మేకల కుడితికి పనికొస్తుంది. అతికించిన చోట ప్లాస్టిక్ చల్లారి గట్లు గట్లుగా, ముళ్లలాగా లేచి ఉంటుంది.

బిందె ఆ రోజు అక్కడ లేదు.

గడప మీద కూర్చున్నాను. కాసేపటికి మీ అమ్మ వీధి మలుపులో కనబడింది. ఎడమ నడుము మీద ఆ ఎర్ర బిందె పెట్టుకుని, కుడి చెయ్యి కుట్ల మీద అదిమి పట్టుకుని, మెల్లగా వస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది. తనే దించింది. అతుకు గట్టు మీద చెయ్యి వేశాను. ఊదా పోగు ఒకటి, పచ్చ పోగు ఒకటి ఇరుక్కుని ఉన్నాయి.

"ఎన్ని దినాల నుంచి?" అన్నాను.

మీ అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"కొళాయి కాడ గలాటా అయిందత్తా. ఒక మనిషి రెండిండ్లకు పడితే మా వంతు ఎప్పుడని అందరూ మీద పడినారు. ఇంటి మనిషి వచ్చి నిలబడితేనే ఆ ఇంటికి నీళ్లని కట్టుబాటు చేసుకున్నారు. పాపం ఎదురింటి ఆయమ్మ మన కోసం చానా మాటలు పడింది. నేనే ఇంక వద్దన్నా."

"నాకు చెప్పల్లేదా?"

"చెప్తే ఏం చేస్తావు? పోయి కొట్లాడతావు. లేకుంటే నువ్వే మోస్తానంటావు. ఆ మోకాళ్లతోనా?"

"నా కొడుక్కన్నా చెప్పల్లేదా?"

"ఆయనకు చెప్తే పని మానుకుని ఇంట్లో కూర్చుంటాడు. పాప చదువు సగంలో ఉండాది."

నువ్వే ఆ పాప. తల దించుకోకు, రాయి.

"డాక్టరమ్మ ఏం చెప్పింది? రెండో కోత అని చెప్పింది కదమ్మే! నువ్వు ఆడనే కదా నిలబడుండేది, నా పక్కన!"

"ఆయమ్మ నిండు బిందె ఎత్తొద్దనింది. ఇది చిన్నది కదత్తా. దీంట్లో సగం బిందె నీళ్లు గూడా పట్టవు."

"ఒక బిందెకు మూడు మార్లు తిరిగితే అది చిన్నదవుతుందా?"

మన ఊళ్లో ఎవరిని అడుగు, చిన్న బిందెను బరువు అనరు. స్టీలు బిందె బరువు, గడ్డిమోపు బరువు, గింజల మూట బరువు. చిన్న బిందె అంటే చేతిలో వస్తువు. డాక్టరమ్మకు మన లెక్క తెలియదు, మీ అమ్మకు ఆమె లెక్క అందలేదు. నాలుగు స్టీలు బిందెలూ దాంతోనే నింపి, మూతలు పెట్టి, దాన్ని మళ్లీ జాలాడి పక్కన బోర్లించేది. తడి ఆరకముందే నా కంట పడకూడదని దాని అడుగు తుడిచేది కూడా.

తిట్టాలని నోరు తెరిచాను. తిట్టడానికి బలం కావాలి కదా, అది కూడా లేదు. ఇద్దరమూ అట్లాగే గడప దగ్గర కూర్చుండిపోయాం. మేకలు కట్టేయకుండా వదిలేశానేమో, ఒకటి వచ్చి ఆ బిందెలో నీళ్లు తాగుతోంది. ఇద్దరమూ చూశాం. ఎవరమూ లేచి తోలలేదు.

మీ అమ్మ పొట్ట మీద చెయ్యి వేసి అడిగాను, "ఈడ నొప్పుందా?"

"నొప్పి లేదు. దగ్గితే ఏదో ఉబ్బినట్టు ఉంటాది."

మీ నాయనకు ఆ రాత్రే చెప్పేశాను. మీ అమ్మ వద్దు వద్దని సైగ చేస్తూనే ఉంది. వాడు అన్నం పళ్లెం ముందుంటే చేతులు కడుక్కుని లేచిపోయాడు. మరునాడు పనికి పోకుండా మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ మీ అమ్మను పడుకోబెట్టి, దగ్గమని, తల ఎత్తమని, వేళ్లతో నొక్కి చూసింది. ఒక చోట కండ పలచబడింది, ఇంకా విచ్చుకోలేదు, ఇప్పుడైతే కోయక్కర్లేదు అంది. నడుముకు గట్టి బెల్టు రాసిచ్చింది. ఇట్లాగే మోస్తే మాత్రం నేనే కోయాల్సి వస్తుంది అంది. మీ అమ్మ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని, అప్పుడు ఏడ్చింది. కోయక్కర్లేదని ఏడ్చిందో, ఇప్పుడు నీళ్లెట్లా అని ఏడ్చిందో నేను అడగలేదు.

వచ్చేటప్పుడు బస్సులో మీ నాయన పని మానేస్తానన్నాడు. మానొద్దని మీ అమ్మ. వాళ్లిద్దరూ అట్లా మెల్లగా కొట్లాడుకుంటుంటే నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఒక పల్లె దగ్గర ఒక ముసలాయన సైకిలుకు రెండు పక్కలా బిందెలు తగిలించుకుని, ఎక్కకుండా తోసుకుంటూ పోతున్నాడు. సైకిలును ఆయన తోస్తున్నాడో, దాన్ని పట్టుకుని ఆయన నడుస్తున్నాడో తెలియలేదు. నాకు కావాల్సింది కూడా అదే కదా, పట్టుకోవడానికి ఏదో ఒకటి.

మన పెరట్లో మీ నాయన పాత సైకిలు ఊరికే పడి ఉంది. దానికి ట్యూబులు వేయించి, వెనక క్యారియరుకు రెండు పక్కలా ఇనుప కొక్కేలు కట్టించాం. కొళాయి నుంచి పైపుతో బిందెల్లోకే నేరుగా పట్టాలి. ఇంటికొచ్చాక చెంబుతో తోడి పోయాలి. ఎత్తేదీ లేదు, దించేదీ లేదు. ఇంటి మనిషి కావాలంటారు కదా, నేనూ ఇంటి మనిషినే.

మొదటి రోజు కొళాయి దగ్గర ఒకామె ఊరుకోలేదు.

"ఏమవ్వా, సైకిల్ నేర్చుకుంటాండావా ఈ వయసులో?"

"అవునమ్మే. నేర్చుకుని నిన్నే ఎక్కించుకుని పోతా, బళ్లారి సూపిస్తా."

"పైపు పెట్టి పడితే ఆలస్యమైతాది. మా వంతు ఎప్పుడు?"

అప్పుడు ఎదురింటామె గొంతు లేచింది. అన్నాళ్లు నొక్కిపెట్టుకున్నదంతా కలిపి అంది.

"ఇంటి మనిషి రావాలంటిరి, వచ్చింది కదా! ఇప్పుడు పైపు గూడా వద్దంటే కోసుకున్న కడుపుతో ఆయమ్మను మల్లా పిల్చుకోని రమ్మంటారా?"

ఒకామె ముందుకొచ్చి పైపు పట్టుకుంది. కట్టుబాటు అట్లాగే ఉంది, వాళ్లు మంచివాళ్లు కాకపోలేదు. నీళ్లు కొద్దిసేపే వస్తాయి, వాళ్ల ఇళ్లలోనూ బిందెలు ఖాళీగానే ఉన్నాయి.

ఇప్పుడు నీళ్లొచ్చే రోజు మేకలను సాయంత్రమే తోలుతున్నాను. రెండు బిందెలకు ఒకసారి, మళ్లీ రెండు బిందెలకు ఒకసారి. అంతా అయ్యేసరికి పొద్దు నెత్తిన ఉంటుంది, మోకాళ్లు వేరే ఎవరివో అన్నట్టు ఉంటాయి. మీ అమ్మ బెల్టు కట్టుకుని నా వెంటే వస్తుంది, వద్దన్నా వినదు. మలుపులో రాళ్ల మీద సైకిలు ఒరిగిందంటే చాలు, ఆమె చేతులు రెండూ బిందె కిందికి పోతాయి.

"చెయ్యి తియ్యి" అంటాను.

తీస్తుంది. తీసి, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఖాళీగా, నా పక్కనే నడుస్తుంది.